పద్నాలుగో తారీఖుకి వెనక్కి

కొత్తరేవు పశు గుర్తింపు కార్యాలయంలో ఆ ఆగస్టు నెలలో గేదెలకు కొమ్ములు ఊడిపోవటం మొదలైంది. కంగారు పడకండి, నిజం కొమ్ములు కావు. కార్డు మీది కొమ్ములు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న ప్రతి గేదెకూ, ఆవుకూ, ఆఖరికి దూడకూ ఫొటోతో సహా ఒక ప్లాస్టిక్ కార్డు ఇవ్వటం ఆ కార్యాలయం పని. ఆ కార్డు లేనిదే పశువును సంత గేటు దాటనివ్వరు. మన కార్డుల్లో మన మొహాలు ఎలా పడ్డా అడిగే నాథుడు లేడు గానీ, గేదెకు కొమ్ములు పడకపోతే మాత్రం సంత వాచ్‌మన్ ఊరుకోడు. "కార్డులో ఉన్నది బోడి గేదె, నువ్వు తోలుకొచ్చింది కొమ్ముల గేదె, వెనక్కి తిప్పు" అంటాడు. అలా పదిహేను రోజుల్లో ముప్ఫై గేదెలు సంత దాకా వెళ్ళి ఇంటికి తిరిగొచ్చాయి.

సంగతేమిటో హంసవేణి అరగంటలో కనిపెట్టింది. హంసవేణి ఆ కార్యాలయంలో సాంకేతిక సహాయకురాలు. జూన్ ఇరవైన చేరింది. ఆరేళ్ళు జిరాక్సు షాపులో నిలువుకాళ్ళ మీద పనిచేస్తూ, మూడుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. మూడు నెలలు మచ్చ లేకుండా గడిస్తే ఉద్యోగం ఖాయం, ఈలోగా ఒక్క మెమో పడిందంటే ఇంటికే. వాళ్ళమ్మ అప్పటికే వీధంతా లడ్డూలు పంచేసింది కాబట్టి, ఇంటికి వెళ్ళటమనేది ఆ పిల్ల ఆలోచనలోనే లేదు.

జరిగిందేమిటంటే, పై ఆఫీసువాళ్ళు ఆగస్టు మొదట్లో వచ్చి కంప్యూటర్లలో కొత్త హంగులన్నీ పెట్టి పోయారు. కార్డుల ప్రింటరు తాలూకు డ్రైవరు మాత్రం పాతదే ఉండిపోయింది. డ్రైవరంటే కంప్యూటరు మాటను ప్రింటరుకు చేరవేసే చిన్న ప్రోగ్రాము, పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. పేరయ్య వెనకబడిపోతే ఇక్కడ చెప్పిన మాట అక్కడికి సగమే చేరుతుంది. చేరని సగంలో కొమ్ములున్నాయి.

"డ్రైవరు అప్‌డేట్ చెయ్యాలండి," అంది హంసవేణి, ప్రాంతీయ సంచాలకులు ఎర్రంశెట్టి త్రివిక్రమరావు గారి ముందు నిలబడి.

త్రివిక్రమరావు గారు జూలై ఒకటిన ఆ కుర్చీలోకి వచ్చారు. అంతకుముందు పదకొండు నెలలు ఏ పోస్టింగూ లేకుండా ఇంట్లో కూర్చున్నారు. అందుకని, ఏదో ఒకటి సాధించి చూపించాలని ఆయనకు కాలు నిలవటం లేదు.

"చేస్తే ఏమవుతుంది?"

"కొమ్ములొస్తాయండి."

"చెయ్యకపోతే?"

"రావండి."

"చేసినా రాకపోతే? ఉన్న గేదె కూడా పోతే?"

మంచి ప్రశ్నే వేశారని హంసవేణికి ముచ్చటేసింది. "అందుకే జాగ్రత్తగా చెయ్యాలండి. డ్రైవరు ఆ ప్రింటరు తయారుచేసినవాళ్ళ దగ్గర్నుంచే తెచ్చుకోవాలి, ఎక్కడపడితే అక్కడ దొరికేది పెట్టకూడదు. ముందు ఒక్క కంప్యూటర్లో పెట్టి చూసుకోవాలి. అదీ రద్దీ లేనప్పుడు, శనివారం సాయంత్రం కౌంటర్లు మూసేశాక. మధ్యలో కరెంటు పోకూడదు, ప్రింటరు వైరు ఊడకూడదు. అన్నిటికంటే ముందు రిస్టోర్ పాయింట్ పెట్టుకోవాలండి. అంటే, ఇవాళ కంప్యూటరు ఎలా ఉందో అలా గుర్తు పెట్టి ఉంచుతాం. రేపు తేడా వస్తే మళ్ళీ ఇవాళ్టి స్థితికి వెనక్కి వచ్చేస్తాం."

ముందు చెప్పిన మాటలన్నీ ఆయన చెవులకు తగిలి కింద పడిపోయాయి. చివరి ముక్క ఒక్కటే లోపలికి వెళ్ళింది.

"వెనక్కి వచ్చెయ్యవచ్చా?"

"రావచ్చండి."

"చేసిన తప్పు చెయ్యనట్టే అయిపోతుందా?"

"కంప్యూటరు వరకూ అంతేనండి."

"ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు నాది," అన్నారాయన. "ఇలాంటి సదుపాయం ఒకటుందని నాకెవరూ చెప్పలేదమ్మా."

మర్నాడే పునరుద్ధరణ స్థాన నిర్ణయ ఉపసంఘం ఏర్పడింది. సంచాలకులు అధ్యక్షులు, ఆరుగురు సెక్షను గుమాస్తాలు సభ్యులు. హంసవేణి కంప్యూటరు దగ్గర నిలబడి, "ఇప్పుడే రిస్టోర్ పాయింట్ పెట్టేస్తానండి, రెండు నిమిషాల పని," అంది.

"దాని కింద సంతకం ఎవరిది?" అన్నారు సంచాలకులు.

"సంతకం అక్కర్లేదండి."

"సంతకం లేని పని ప్రభుత్వంలో ఉంటుందా? రేపు ఈ తేదీలో ఏదైనా లోపం బయటపడితే ఎవరిని అడగాలి?"

ఆరుగురు గుమాస్తాలూ ఒకేసారి ఫ్యాను వంక చూశారు. ఒకాయనకు దగ్గొచ్చింది, ఒకాయనకు ఫోనొచ్చింది. గదిలో ఉన్న ఏడు పెన్నులూ ఏడు జేబుల్లోనే ఉన్నాయి. అంతలో ఫోనొచ్చినాయన తెర మీదికి వంగి, "ఇక్కడేదో ముందే ఉందండోయ్, జూన్ పద్నాలుగు అని," అన్నాడు.

అది కంప్యూటరు తనంతట తనే పెట్టుకున్నదని హంసవేణి చెప్పింది. జూన్ పద్నాలుగు రెండో శనివారం, సెలవు. ముందురోజు అటెండరు మస్తాన్ ఆ కంప్యూటరును ఆపటం మర్చిపోయి తాళం వేసుకుని వెళ్ళాడు. ఖాళీ ఆఫీసులో ఏమీ తోచక అది ఆ పని చేసుకుంది.

"అంటే దీన్ని ఎవరూ చెయ్యలేదు?" అన్నారు సంచాలకులు.

"ఎవరూ లేరండి ఆ రోజు."

"ఎవరి సంతకమూ లేదు?"

"లేదండి. కానీ అది రెండు నెలల నాటిది సార్. ఇవాళ్టిది పెట్టుకోవటమే మంచిది."

"ఇవాళ్టికి బాధ్యులున్నారమ్మా. జూన్ పద్నాలుగుకు ఎవరూ లేరు. అంత నిష్కళంకమైన తేదీ మనకు మళ్ళీ దొరుకుతుందా?" అన్నారాయన. ఉపసంఘం ఏకగ్రీవంగా బల్ల చరిచింది.

ఆ సాయంత్రమే సర్క్యులరు తయారైంది. నవీకరణ విఫలమైన పక్షంలో 'కంప్యూటరు' జూన్ పద్నాలుగు నాటి స్థితికి పునరుద్ధరింపబడును అని మొదట రాశారు. కంప్యూటరు అంటే ప్రింటరు బయటపడిపోతుందని ఒక గుమాస్తా అభ్యంతరం చెప్పాడు. ప్రింటరు చేరిస్తే ప్రింటరు పెట్టిన బల్ల బయటపడుతుందని ఇంకొకాయన. బల్ల చేరిస్తే బల్ల దగ్గర కూర్చునే సిబ్బంది మాటేమిటని మూడో ఆయన. చివరికి సంచాలకులు స్వహస్తాలతో అన్నీ కొట్టేసి 'కార్యాలయం సమస్తమూ' అని రాసి సంతకం చేశారు. కాపీ పై ఆఫీసుకు వెళ్ళింది. నాలుగో రోజుకల్లా పై ఆఫీసు నుంచి అభినందన వచ్చింది. అభినందన వచ్చిన కాగితాన్ని ఇక దేవుడు కూడా మార్చలేడు.

శనివారం సాయంత్రమని హంసవేణి మొత్తుకున్నా, శనివారం సాయంత్రం చూసేవాళ్ళెవరుంటారని ఆయన ఒప్పుకోలేదు. ఆగస్టు ఇరవై అయిదు, సోమవారం పగలు పదకొండు గంటలకు ముహూర్తం పెట్టారు. కౌంటర్ల ముందు ఎనభై మంది రైతులు వరసలో ఉన్నారు. గుమ్మానికి ఫ్లెక్సీ, బల్ల మీద కొబ్బరికాయ, మూల మైకుసెట్టు. ఒక కంప్యూటరుకు ముందు చేస్తే మిగతా అయిదుగురి సీనియారిటీ దెబ్బతింటుందని ఆరుగురూ ఒకేసారి నొక్కాలన్నారు. సంచాలకులు మైకులో ఒకటీ, రెండూ, మూడూ అన్నారు. ఆరు వేళ్ళు ఒక్కసారిగా పడ్డాయి.

సగం దారిలో ఆరు తెరలూ ప్రింటరు కనపడటం లేదని చెప్పాయి. హంసవేణి గోడ వైపు పరిగెత్తింది. ప్రింటరు ప్లగ్గు పీకి ఉంది. అక్కడ మైకుసెట్టు ప్లగ్గు పెట్టి ఉంది.

"మైకు పెట్టమన్నారమ్మా, ఇక్కడొక్కటే ప్లగ్గు," అన్నాడు మస్తాన్, పాపం.

మళ్ళీ ప్లగ్గు పెట్టాక ప్రింటరు ఒక కార్డు బయటికి నెట్టింది. తెల్లగా ఉంది. ఈసారి కొమ్ములే కాదు, గేదే లేదు.

"సార్, కంగారేం లేదండి. సగంలో ఆగింది, అంతే. అన్నీ ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే మిగతా సగం అదే పెట్టుకుంటుంది. ఒక్క పది నిమిషాలివ్వండి," అంది హంసవేణి.

"విఫలమైందా, లేదా?"

"ప్రస్తుతానికైతే..."

"అయిందా, లేదా?"

"అయిందండి."

"అయితే సర్క్యులరు అమల్లోకి వచ్చేసింది. ఇక నా చేతుల్లో లేదు," అన్నారు త్రివిక్రమరావు గారు. ఆయన మొహంలో బాధ ఏమాత్రం లేదు.

మర్నాడు పది గంటలకు హంసవేణి వచ్చేసరికి ఆఫీసుకు తాళం వేసి ఉంది. మెట్ల మీద మస్తాన్ బీడీ కాలుస్తున్నాడు.

"ఇవాళ సెలవమ్మా. రెండో శనివారం."

"ఇవాళ మంగళవారం కదా మస్తాన్ గారూ?"

"రోడ్డు మీద మంగళవారమే. గేటు లోపల జూన్ పద్నాలుగు, రెండో శనివారం. రేపు కూడా రాకండి, ఆదివారం."

వచ్చిన రైతులందరికీ మస్తాన్ ఇదే మాట చెప్పి పంపుతున్నాడు. వాళ్ళు ఎదురు ప్రశ్న వెయ్యకుండా వెళ్ళిపోతున్నారు. సెలవంటే ఎవరికైనా అర్థమవుతుంది గదా.

గురువారం నాడు, అంటే లోపలి లెక్కకు జూన్ పదహారు సోమవారం నాడు, ఆఫీసు తెరిచారు. జూలైలో వేసిన గోడల రంగు ఇద్దరు కూలీలు గీకేస్తున్నారు. కొత్త మంచినీళ్ళ యంత్రాన్ని గోనెపట్టాలో చుట్టి, దాని చోట పాత కుండ పెట్టారు. సూపరింటెండెంటు సీట్లో గవర్రాజు గారు కూర్చుని ఉన్నారు. ఆయన జూన్ ముప్ఫైన రిటైరయ్యారు. ఆ రోజు కప్పిన శాలువా మడత పెట్టి బల్ల మీద ఉంది, తిరిగి అప్పగించటానికి తెచ్చారు.

హాజరు పట్టీలో హంసవేణి పేరున్న చోట తెల్ల కాగితం అంటించి ఉంది.

"గవర్రాజు గారండీ, నా పేరు లేదండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. "ఎవరమ్మా నువ్వు?"

"అదేంటండీ, నేను హంసవేణిని. మీ రిటైర్మెంటుకి దండ తెచ్చింది నేనే కదండీ."

"నేనింకా రిటైరవ్వలేదు తల్లీ. నువ్వింకా చేరలేదు. చేరని మనిషి రిటైరవ్వని మనిషికి దండ ఎలా వేస్తుంది?"

ఆయన చెడ్డమనిషి కాదు. ముప్ఫై అయిదేళ్ళూ కాగితంలో ఏముంటే అది నమ్మినవాడు, అంతే. గొంతు తగ్గించి, "ఇంట్లో రెండు నెలలుగా చిక్కుడుకాయలు ఈనెలు తీయిస్తోందమ్మా మా ఆవిడ. నిన్న కబురు రాగానే నాకంటే ముందు తనే క్యారేజీ కట్టేసింది," అని కూడా చెప్పారు.

హంసవేణి తిన్నగా సంచాలకుల గదిలోకి వెళ్ళింది. ఆవేశంలో తలుపు కొట్టటం కూడా మర్చిపోయింది.

"సార్, జూన్ పద్నాలుగున నేను లేనంటున్నారు. మరి మీరూ లేరు కదండీ. జూలై ఒకటిన కదా వచ్చారు?"

ఆయన నవ్వి సర్క్యులరులో తొమ్మిదో పేరా చూపించారు. ఈ ఉత్తర్వు, దీనిపై సంతకం చేసిన అధికారికి వర్తించదు. "నిచ్చెన పట్టుకున్నవాడు కూడా నిచ్చెనెక్కితే ఎలాగమ్మా?"

"మరి నా ఉద్యోగం?"

"ఎక్కడికి పోతుంది? జూన్ ఇరవై రానీ. ఇవాళ పదహారు, నాలుగు రోజులు ఓపిక పట్టు. అదే నియామక పత్రం పట్టుకొచ్చి శుభ్రంగా చేరు."

"అప్పుడు ప్రొబేషన్ కూడా మళ్ళీ మొదలవుతుందాండి?"

"చేరకుండా ప్రొబేషన్ ఎలా గడుస్తుందమ్మా?"

హంసవేణికి ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది. రెండూ ఒకేసారి రావటంతో ఏదీ సరిగ్గా బయటికి రాలేదు. "పోనీ కంప్యూటర్లనైనా వెనక్కి తిప్పనివ్వండి సార్. అన్నీ వెనక్కి వెళ్ళాయి గానీ, అసలు వెళ్ళాల్సినవి అవొక్కటే వెళ్ళలేదు."

నిజమే. గోడలు వెళ్ళాయి, కుండ వెళ్ళింది, గవర్రాజు గారు వెళ్ళారు. ఆరు కంప్యూటర్లు మాత్రం ఆగస్టులోనే కూర్చుని తెల్ల కార్డులు ఇస్తున్నాయి. వాటిని వెనక్కి తిప్పటం తెలిసిన మనిషి ఇంకా ఉద్యోగంలో చేరకపోవటమే అందుకు కారణం.

"బయటివాళ్ళు ప్రభుత్వ యంత్రాన్ని ముట్టుకోకూడదు. సందర్శకుల బెంచీ అటుంది," అన్నారు సంచాలకులు.

మస్తాన్ మొహమాటపడుతూనే సందర్శకుల రిజిస్టరు ముందు పెట్టాడు. పేరు రాసింది. వచ్చిన పని అన్న గడిలో 'ఉద్యోగం' అని రాసి, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. అమ్మకు ఏం చెప్పాలో తెలియక రోజూ వచ్చినట్టే వచ్చి అక్కడే కూర్చోవటానికి నిశ్చయించుకుంది.

అప్పటికి కౌంటరు దగ్గర పోలిశెట్టి ఏడుకొండలు అనే రైతు గవర్రాజు గారితో మాట్లాడుతున్నాడు. ఆయన గేదె జూలైలో ఈనింది. గేదెనూ దూడనూ వచ్చే బుధవారం సంతకు తోలుకెళ్ళాలి. అందుకు గేదెకో కార్డు, దూడకో కార్డు కావాలి.

"గేదె కార్డు మాట తర్వాత చూద్దాం. దూడకు ఇవ్వటం కుదరదు, అదింకా పుట్టలేదు," అన్నారు గవర్రాజు గారు.

"జూలై అయిదున పుట్టిందండి."

"జూలై ఇంకా రాలేదయ్యా."

"మీకు రాలేదేమో గానీ మా గేదెకి వచ్చిందండి. అదిగో, గేటు దగ్గర కట్టేసొచ్చాను, అరుస్తా ఉంది కదండీ."

"రికార్డు దృష్ట్యా అది గర్భస్థంగా ఉంది. గర్భస్థ పశువు అరుపును కార్యాలయం పరిగణనలోకి తీసుకోజాలదు."

ఏడుకొండలు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "మరి జున్ను తిన్నారు కదండీ మీ ఆఫీసోళ్ళంతా? పుట్టని దూడకి జున్ను ఎక్కణ్ణించొచ్చిందంటారు? మా గిన్నె కూడా ఇంకా ఇవ్వలేదు మీరు."

గవర్రాజు గారు ఆలోచనలో పడ్డారు. జున్ను వచ్చేనాటికి ఆయన రిటైరై ఇంట్లో ఉన్నారు, చెంచాడు కూడా రుచి చూడలేదు. అందుకే ఏ పక్షపాతమూ లేకుండా నోటు రాయగలిగారు. సదరు జున్నును సిబ్బంది తిననట్లుగా పరిగణించటమైనది, గిన్నె రానట్లుగా భావించటమైనది.

ఏడుకొండలు వచ్చి బెంచీ మీద హంసవేణి పక్కన కూలబడ్డాడు. "మీరిక్కడ కూర్చున్నారేంటమ్మా? కార్డులిచ్చేది మీరే కదా?"

"నేనింకా చేరలేదు బాబాయ్."

"మా దూడకి లాగానా?"

"అంతే."

"మీరు చేరేది ఎప్పుడమ్మా?" అన్నాడాయన. వచ్చే సోమవారమని చెప్పింది. సంత బుధవారం కదా, సరిపోతుందిలే అని ఆయన వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. కొత్తరేవులో ఆ వారం తేదీలు తేలిగ్గా లెక్కపెట్టగలిగింది ఆయనొక్కడే.

శుక్రవారం మంగళవారమైంది, శనివారం బుధవారమైంది. ఆదివారం పూట గురువారం వచ్చి పడటంతో గుమాస్తాలకు గోరుచుట్టు మీద రోకటిపోటైంది, మొహాలు మాడ్చుకుని పనిచేశారు. హంసవేణి రోజూ బెంచీ మీదే టిఫిను తింది. రోజూ ఎవరో ఒక రైతు వచ్చి తెల్ల కార్డు పట్టుకుని, ఇందులో నా గేదె ఏదమ్మా అని అడిగేవాడు. తనకు పది నిమిషాల పని అని తెలిసీ కదలకుండా కూర్చోవటం ఆ పిల్లకు ప్రాణసంకటంగా ఉండేది.

సోమవారం జూన్ ఇరవై వచ్చింది. హంసవేణి నియామక పత్రం పట్టుకుని రెండోసారి ఉద్యోగంలో చేరింది. గవర్రాజు గారు ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టే ఊరూ పేరూ అడిగి, హాజరు పట్టీలో పేరెక్కించి, బాగా పనిచేసి పైకి రావాలమ్మా అని దీవించారు. ఆమె సంతకం చేసిన మరుక్షణం ప్రింటరు దగ్గరికి నడిచింది.

"ఎక్కడికమ్మా?" అన్నారాయన.

"ప్రింటరు బాగుచేద్దామనండి."

"దానికేమైంది?"

"అదేంటండీ, పనిచెయ్యటం లేదు కదా."

"రికార్డు ప్రకారం అది చెడిపోయేది ఆగస్టు ఇరవై అయిదున. ఇవాళ జూన్ ఇరవై. నిక్షేపంలాంటి ప్రభుత్వ యంత్రాన్ని మరమ్మతు పేరుతో కదిలించటం క్రమశిక్షణ ఉల్లంఘన. చేరిన రోజే మెమో తీసుకుంటావా తల్లీ?"

బెంచీ మీదా నేల మీదా కూర్చున్న నలభై మంది రైతుల మధ్య ఏడుకొండలు తలపాగా చేతిలో పట్టుకుని ఆమె వంకే చూస్తున్నాడు. మెమో అంటే ఇల్లు, ఇల్లంటే మళ్ళీ జిరాక్సు షాపు. అయినా కాళ్ళు వెనక్కి పడలేదు.

"అయితే ప్రింటరు పనిచేస్తోందన్నమాటేనా అండి?"

"రికార్డు ప్రకారం భేషుగ్గా."

"పనిచేసే ప్రింటరు మీద కార్డులు తీసివ్వటం నా డ్యూటీయే కదండీ?"

"నీ డ్యూటీయే."

"పొద్దున్నే రాగానే కంప్యూటర్లు ఆపి ఉంటే వెయ్యటం, వేసి ఉంటే ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యటం కూడా డ్యూటీలోవే కదండీ? తుడవాలన్నా ఆపాలి కదా."

గవర్రాజు గారు విధుల పట్టిక తీసి వేలు పెట్టి చదివారు. "పరిశుభ్రత అని ఉంది. చెయ్యవచ్చు," అన్నారు.

హంసవేణి పాత గుడ్డ ఒకటి తీసుకుని, ఆరు కంప్యూటర్లనూ ఒకదాని తర్వాత ఒకటి ఆపి, తుడిచి, వేసింది. మొదటిదాంట్లో సగంలో ఆగిన డ్రైవరు మిగతా సగం పెట్టుకుందా లేదా చూసుకున్నాకే రెండోదాని దగ్గరికి వెళ్ళింది. తొమ్మిది నిమిషాలు పట్టింది. ప్రింటరు గుర్రుమని ఏడుకొండలు గేదెను బయటికి నెట్టింది. రెండు కొమ్ములూ ఉన్నాయి. వంకర తిరిగిన కొసలు కూడా ఉన్నాయి. రైతులందరూ లేచి నిలబడ్డారు.

"దూడకి మాత్రం ఇవ్వలేమయ్యా," అన్నారు గవర్రాజు గారు, "పుట్టనిదే పుట్టినట్టు రాయలేను."

"రికార్డు ప్రకారం అది గేదె కడుపులోనే ఉందని ఒక ముక్క రాసివ్వండి చాలు. కడుపులో ఉన్నదానికి గేటు దగ్గర వేరే కార్డు అడగరు కదండీ," అంది హంసవేణి.

ఆయన ఆనందంగా రాసి స్టాంపు వేసిచ్చారు. బుధవారం సంత గేటు దగ్గర ఆ కాగితం చూపించి, పక్కన గంతులేస్తున్న దూడను గేదె కడుపులో ఉన్నట్టుగానే లోపలికి తోలుకెళ్ళాడు ఏడుకొండలు. గవర్నమెంటు స్టాంపు ఉన్నాక వాచ్‌మన్‌కెందుకు కందకు లేని దురద?

నాలుగు రోజుల్లో మూడు వందల కార్డులు వెళ్ళాయి, అన్నీ కొమ్ములతో. హంసవేణి ఇంటికి వెళ్ళి చాలా రోజుల తర్వాత అమ్మ పెట్టిన అన్నం కడుపునిండా తింది. అయితే ఆ నాలుగు రోజుల్లో త్రివిక్రమరావు గారు కూడా ఊరికే కూర్చోలేదు, పై ఆఫీసుకు నివేదిక పంపారు. 'ఆగస్టులో పూర్తిగా విఫలమైన ప్రింటరు, కార్యాలయాన్ని జూన్‌కు తీసుకువచ్చిన వెంటనే దోషరహితంగా పనిచేయుచున్నది. ఇందుకు ఎట్టి మరమ్మతు అవసరం కాలేదు.'

ఆ కాగితం చూసి హంసవేణి నోరు తెరవబోయి మూసుకుంది. బాగుచేసింది నేనేనంటే మెమో ఖాయం.

గురువారం సాయంత్రం పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కొత్తరేవు ప్రయోగం యావత్తు రాష్ట్రానికీ ఆదర్శం కనుక, రేపటి నుంచి రాష్ట్రంలోని పశు గుర్తింపు కార్యాలయాలన్నీ జూన్ పద్నాలుగుకు పునరుద్ధరింపబడును. సంచాలకులు స్వీట్లు తెప్పించారు. హంసవేణి స్వీటు చేతిలోనే పట్టుకుని తేదీ లెక్కేసుకుంది. అప్పటిదాకా పడ్డ అగచాట్లన్నీ మళ్ళీ మొదటి నుంచి.

"బాధపడకు. ఈసారి అలవాటైన పనే కదమ్మా," అన్నారు త్రివిక్రమరావు గారు ఉదారంగా, రెండో లడ్డూ తీసుకుంటూ. తర్వాత ఉత్తర్వును మొదటి నుంచి చివరిదాకా ఆస్వాదిస్తూ చదివారు. తొమ్మిదో పేరా పొల్లుపోకుండా ఆయన రాసినట్టే ఉంది. కింద సంతకం మాత్రం పై ఆఫీసు పెద్ద అధికారిది. లడ్డూ ఆయన నోట్లోనే ఉండిపోయింది.

శుక్రవారం రెండో శనివారమైంది, శనివారం ఆదివారమైంది. ఆదివారం నాడు ఆఫీసు తెరిచేసరికి, జూన్‌లో అక్కడ పనిచేసిన పాత సంచాలకులు కరుణాకరం గారు మూడు జిల్లాల అవతల నుంచి బస్సు దిగి వచ్చి, తన కుర్చీలో తను కూర్చున్నారు. హంసవేణి రిజిస్టరులో పేరు రాసి బెంచీ మీద కూర్చుంది. పది నిమిషాలకు ఇంకొకాయన వచ్చి మస్తాన్ ముందు నిలబడ్డాడు. చేతిలో పేరు బల్ల, చంకలో క్యారేజీ.

"రాయండి సార్. వచ్చిన పని ఏంటో అది కూడా రాయండి," అన్నాడు మస్తాన్, తలొంచుకుని.

త్రివిక్రమరావు గారు చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డారు. చివరికి 'పోస్టింగు' అని రాశారు. పదకొండు నెలలు ఇంట్లో కూర్చున్నప్పటి మొహం ఆయనకు మళ్ళీ వచ్చేసింది. చూస్తే హంసవేణికి నవ్వు రావాలి గానీ, రాలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియక బెంచీ ముందే నిలబడ్డారాయన.

"ఎన్ని రోజులమ్మా?" అన్నారు మెల్లగా.

"నాకు నాలుగు రోజులండి. మీకు పదిహేను," అంటూ హంసవేణి పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.